రొయ్యల కౌంట్ తెలిసినవాళ్లకి మోల్ కొత్తేమీ కాదు

మా ఆకివీడు వైపు చెరువు గట్టు మీద నిలబడి "రొయ్య ఎంతుందండి?" అని అడగండి. అంగుళాల్లో చెప్పరు, "అరవై కౌంట్‌కి వచ్చిందండి" అంటారు. కిలోకి అరవై తూగుతున్నాయని దానర్థం, అంటే ఒక్కో రొయ్య పదహారు పదిహేడు గ్రాములు. రేటు మాట్లాడేదీ దాని మీదే, మేత లెక్క వేసేదీ దాని మీదే. పట్టుబడి రోజున మొత్తం రెండు టన్నులు తూగి, 50 కౌంట్ పడిందనుకోండి, చెరువులో ఎన్ని బతికాయో కాటా దగ్గర నిలబడ్డ కుర్రాడు కూడా చెప్పేస్తాడు. 2,000 కిలోలు, కిలోకి 50, మొత్తం లక్ష రొయ్యలు. లక్షా పాతిక వేల సీడ్ (రొయ్య పిల్లలు) వదిలి ఉంటే ఇరవై శాతం పోయినట్టు. లక్ష రొయ్యల్నీ కూర్చుని లెక్కపెట్టినవాడు ఎవడూ లేడు. తూచారు, అంతే.

ఈ లెక్క ఇంత తేలిగ్గా వేసే ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లలే ఇంటర్‌లో స్టాయికియోమెట్రీ, అంటే రసాయన చర్యలో ఏది ఎంత కలిస్తే ఏది ఎంత వస్తుందో లెక్కగట్టే చాప్టర్ దగ్గర బిక్కమొహం వేస్తారు. అక్కడ జరిగేదీ ఇదే పని అని వాళ్లకి ఎవరూ చెప్పకపోవడమే కారణమని నా అనుమానం.

మా అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్. దసరా సెలవులకి వచ్చి పుస్తకం నా ముందు పడేసింది. "మావయ్యా, ఈ చాప్టర్ నాకు అస్సలు ఎక్కట్లేదు, చూస్తేనే టెన్షన్ వచ్చేస్తోంది" అంది. లెక్క ఏంటంటే, 10 గ్రాముల హైడ్రోజన్, 10 గ్రాముల ఆక్సిజన్ పూర్తిగా చర్య జరిపితే ఎన్ని గ్రాముల నీళ్లు వస్తాయి? తను ఇలా చేసింది: సమీకరణంలో (2H₂ + O₂ → 2H₂O) హైడ్రోజన్ ముందు 2 ఉంది, ఆక్సిజన్ ముందు ఏమీ లేదు కాబట్టి 1, కనుక 2 గ్రాములకి 1 గ్రాము, కనుక 10 గ్రాముల హైడ్రోజన్‌కి 5 గ్రాముల ఆక్సిజన్ చాలు, 15 గ్రాముల నీళ్లు వచ్చి 5 గ్రాముల ఆక్సిజన్ మిగులుతుంది. చూడ్డానికి శుభ్రంగా ఉంది. పైగా ముందు 20 గ్రాములు, తర్వాతా 20 గ్రాములే, ద్రవ్య నిత్యత్వ నియమం కూడా ఏమీ అనలేదు. జవాబు మాత్రం పూర్తిగా తప్పు.

తప్పు ఒక్కచోటే ఉంది. ఆ 2, ఆ 1 గ్రాములు కావు. రెండు హైడ్రోజన్ అణువులకి ఒక ఆక్సిజన్ అణువు, అంతవరకే సమీకరణం చెబుతుంది. అది తలకాయలు లెక్కపెడుతుంది, కాటా ముఖం చూడదు. హైడ్రోజన్ అణువు బరువు 2 అయితే ఆక్సిజన్ అణువు బరువు 32, అంటే పదహారు రెట్లు. ఒక ట్రేలో కిలో 30 కౌంట్ రొయ్య, పక్క ట్రేలో కిలో 100 కౌంట్ రొయ్య పెట్టి, రెండు ట్రేలూ సమానమేనా అంటే మా ఊళ్లో నవ్వుతారు. బరువు సమానమే, తలకాయలు ఒకదాంట్లో ముప్ఫై, ఒకదాంట్లో వంద. "10 గ్రాములు, 10 గ్రాములు" అనగానే మనం సమానం అనేసుకుంటాం చూడండి, అక్కడే బోల్తా పడతాం.

కాబట్టి ముందు తలకాయలు తెలియాలి. రసాయన శాస్త్రవేత్త పరిస్థితి చెరువు రైతు పరిస్థితే, కావలసింది సంఖ్య, చేతిలో ఉన్నది కాటా. కాకపోతే రైతు కనీసం విసురు వల వేసి గుప్పెడు రొయ్యలు తీసి లెక్కపెట్టుకోగలడు. అణువులతో అది కుదరదు. అందుకని ఒక పెద్ద సంఖ్యని ఖాయం చేసుకుని, ఏ పదార్థం ఎన్ని గ్రాములు తూస్తే అన్ని అణువులు ఉంటాయో పట్టిక రాసి పెట్టుకున్నారు. అన్ని అణువులున్న మొత్తమే ఒక మోల్. హైడ్రోజన్ 2 గ్రాములు తూస్తే ఒక మోల్, ఆక్సిజన్ 32 గ్రాములు తూస్తే ఒక మోల్, నీళ్లు 18 గ్రాములు, వంట సోడా 84, సున్నపురాయి 100. బరువులు వేరు, లోపలున్న తలకాయలు ఒక్కటే.

ఇక్కడ చిన్న తిరకాసు ఉంది, దాటేస్తే మళ్లీ తికమక వస్తుంది. కౌంట్‌లో బరువు కదలదు, ఎప్పుడూ కిలోయే, సంఖ్య మారుతుంది. మోల్‌లో సంఖ్య కదలదు, బరువు మారుతుంది. ఆ లెక్కన మోల్‌కి ఇంకా దగ్గర చుట్టం వరి దగ్గరుంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లు ఒక రకం గురించి చెప్పేటప్పుడు వెయ్యి గింజల బరువు ఎంతో కూడా చెబుతారు. సన్న రకమైతే తక్కువ, ముతక రకమైతే ఎక్కువ. వెయ్యి అనేది మాత్రం కదలదు. వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు తూగే ధాన్యమైతే, 75 కిలోల బస్తాలో దగ్గర దగ్గర 37 లక్షల 50 వేల గింజలున్నట్టు. వెయ్యి బదులు ఇంకా చాలా పెద్ద సంఖ్య పెట్టుకుంటే మోల్ లెక్క అయిపోయింది.

ఎంత పెద్దదంటే 6022 రాసి పక్కన ఇరవై సున్నాలు పెట్టండి. ఇన్ని వరి గింజలు కావాలంటే ఇప్పుడు ప్రపంచమంతా ఏటా పండిస్తున్న ధాన్యాన్ని కోటి సంవత్సరాలకి పైగా పోగెయ్యాలి. అణువులు ఎంత చిన్నవంటే, అన్ని నీటి అణువులూ 18 గ్రాముల్లో, అంటే ఒక గుక్కలో వెళ్లిపోతాయి. ఒకప్పుడు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అదే మోల్ అని నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి దాన్ని తిరగేసి, 6.02214076 ఇంటు 10 పవర్ 23 అని సంఖ్యనే ఖాయం చేసేశారు. పరీక్షలో 6.022 రాస్తే సరిపోతుంది, కంగారేం లేదు.

ఇప్పుడు మా అమ్మాయి లెక్క. 10 గ్రాముల హైడ్రోజన్ అంటే 5 మోల్‌లు. 10 గ్రాముల ఆక్సిజన్ అంటే పదిని 32తో భాగించండి, 0.3125 మోల్. ఆ ఆక్సిజన్ తనకి రెట్టింపు హైడ్రోజన్‌ని, అంటే 0.625 మోల్‌ని మాత్రమే పట్టుకోగలదు. రెండు హైడ్రోజన్లకి రెండు నీటి అణువులు కాబట్టి నీళ్లూ 0.625 మోల్‌లే వస్తాయి, 18తో గుణిస్తే 11.25 గ్రాములు. మిగిలిన 8.75 గ్రాముల హైడ్రోజన్ అలాగే ఉండిపోతుంది. తను ఆక్సిజన్ మిగులుతుందంది, నిజానికి మిగిలింది హైడ్రోజన్. స్టాయికియోమెట్రీ మొత్తం ఈ మూడు అడుగులే: గ్రాముల్ని తలకాయలుగా మార్చు, సమీకరణం చెప్పిన నిష్పత్తి పెట్టు, మళ్లీ గ్రాముల్లోకి దిగు. చాప్టర్లో ఉన్న లెక్కలన్నీ దీని మీద వేసిన వేషాలే, ఒక్కోసారి గ్రాముల బదులు లీటర్లు ఇస్తాడు, ఒక్కోసారి శాతాలు ఇస్తాడు.

ముందు అయిపోయి చర్యని ఆపేసేదాన్ని లిమిటింగ్ రియేజెంట్ అంటారు. దీన్ని నోటితో చెబితే తల ఊపుతారు గానీ నమ్మరు, అందుకని ఆ సాయంత్రం మూడు ఖాళీ వాటర్ బాటిళ్లు తీశాం. ఒక్కోదాంట్లో 100 మి.లీ. వెనిగర్. మా ఇంట్లో ఉన్న సీసా మీద 4 శాతం అని ఉంది, అంటే 4 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం, దాని మోల్ బరువు 60. వంట సోడా 84. ఒకటికి ఒకటి చొప్పున కలుస్తాయి కాబట్టి 4ని 60తో భాగించి 84తో గుణిస్తే 5.6 గ్రాముల సోడా సరిగ్గా సరిపోవాలి. మూడు బెలూన్లలో 3 గ్రాములు, 5.6 గ్రాములు, 10 గ్రాములు పోసి, బెలూన్ మూతి బాటిల్‌కి తగిలించి, ఒకేసారి ఎత్తాం. ఎన్ని గ్రాములన్నది నేను పనిచేసే ఆక్వా ల్యాబ్ కాటా మీద తూచి తెచ్చిందే, చెంచా కొలత కాదు.

మొదటి బెలూన్ కాస్త ఉబ్బింది. రెండోది బాగా ఉబ్బింది. మూడోది దాదాపు రెట్టింపు సోడా తిని కూడా రెండోదాని దగ్గరే ఆగిపోయింది. "మరి మిగతా సోడా ఏమైంది?" అంది. అడగాల్సిన ప్రశ్న అదే. మూడో బాటిల్లో ఇంకాస్త వెనిగర్ పోస్తే మళ్లీ బుస్సుమని పొంగింది, అంటే సోడా లోపలే కరిగి కూర్చుంది, ఆమ్లం అయిపోయింది. మొదటి బాటిల్లో చిటికెడు సోడా వేస్తే అదీ పొంగింది, అంటే అక్కడ అయిపోయింది సోడా. లెక్క ప్రకారం రెండో బాటిల్లో లీటరున్నర పైచిలుకు గ్యాస్ రావాలి, బెలూన్ అంత ఉబ్బలేదు, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ కొంత ఆ నీళ్లలోనే కరిగిపోతుంది. పుస్తకంలో జవాబు ఎప్పుడూ పూర్తిగా వస్తుంది, బాటిల్లో రాదు. ఈ తేడా ఎక్కడికి పోయిందో వెతకడంలోనే అసలు కెమిస్ట్రీ ఉందని నాకనిపిస్తుంది.

చరిత్ర చూసినా ముందు పుట్టింది ల్యాబే. స్టాయికియోమెట్రీ అనే మాటని 1792లో జెరెమియాస్ రిక్టర్ అనే జర్మన్ రసాయనవేత్త వాడాడు, గ్రీకులో మూలకం అనే మాటకి కొలత అనే మాట కలిపి. ఒక ఆమ్లం ఇంత ఉంటే దాన్ని తటస్థం చెయ్యడానికి ఏ క్షారం ఎంత కావాలి అని తూచి తూచి పట్టికలు వేసుకున్నాడు. అప్పటికి డాల్టన్ పరమాణు సిద్ధాంతం రాలేదు, ఒకే వేడి, ఒకే పీడనంలో సమాన పరిమాణాల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమన్న అవగాడ్రో ఆలోచన 1811 దాకా లేదు. ముందు కాటా, తర్వాత సిద్ధాంతం. మన క్లాసులో మాత్రం ముందు ఆరు నెలలు బోర్డు మీద సిద్ధాంతం, ఆ తర్వాతెప్పుడో, అదీ తాళం చెవి దొరికితే, ల్యాబ్.

మా రోజుల సంగతి చెప్పాలంటే, నేను చదివిన కాలేజీలో ల్యాబ్ తలుపులు ప్రాక్టికల్ పరీక్షకి రెండు వారాల ముందు తెరిచారు. బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా దించే, గీతలున్న గాజు గొట్టం) ముట్టుకోకముందే రికార్డు పుస్తకం నిండిపోయింది, సీనియర్ల రికార్డు చూసి. టైట్రేషన్‌లో, అంటే ఒక ద్రావణం ఎంత దించితే రెండోదానితో చర్య సరిగ్గా ముగుస్తుందో కొలిచే పనిలో, మూడు రీడింగులు రాయాలి, రెండు ఒకేలా రావాలి. రాకపోతే వండేసేవాళ్లం. 19.8, 19.6, 19.6 అని రాసిన పిల్లలు క్లాసులో సగం మంది, ఎవరి సీసాలో ఏ చిక్కదనం ఉందన్న సంగతితో సంబంధం లేకుండా. నేనూ అందులో ఒకణ్ని.

పర్మాంగనేట్‌తో మోర్ సాల్ట్ టైట్రేషన్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎం1 వి1 బై ఎన్1 ఈక్వల్స్ ఎం2 వి2 బై ఎన్2 అని (ఎం చిక్కదనం, వి పరిమాణం, ఎన్ సమీకరణంలో ముందున్న అంకె) ఫార్ములా బట్టీ పట్టి, 5 పైన పెట్టాలా కింద పెట్టాలా అని గుడిలో దణ్ణం పెట్టుకున్నట్టు ఆలోచించేవాళ్లం. తలకాయలతో చూస్తే ఆ బాధే లేదు. ఒక పర్మాంగనేట్ అయాన్ ఐదు ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. మోర్ సాల్ట్‌లో ఉన్న ఫెర్రస్ ఇనుము ఒక్కోటి ఒక్క ఎలక్ట్రానే ఇవ్వగలదు. కాబట్టి ఒక పర్మాంగనేట్‌కి ఐదు ఇనుములు కావాలి. మోర్ సాల్ట్ మోల్ బరువు 392, 4.9 గ్రాములు తూచి 250 మి.లీ. చేస్తే 0.05 మోలార్, అంటే లీటరుకి 0.05 మోల్. అందులో 20 మి.లీ. పిపెట్‌తో (కొలిచి తీసే గాజు గొట్టం) తీస్తే ఒక మిల్లీమోల్, అంటే మోల్‌లో వెయ్యో వంతు ఇనుము ఉంటుంది. దాన్ని ముగించాలంటే ఐదో వంతు, 0.2 మిల్లీమోల్ పర్మాంగనేట్ పట్టాలి. బ్యూరెట్ నుంచి 19.6 మి.లీ. దిగిందంటే ఆ 19.6లోనే ఆ 0.2 ఉంది. భాగిస్తే 0.0102 మోలార్. ఫార్ములా కూడా ఇదే చెబుతోంది, దాని వెనక ఏముందో చెప్పకుండా.

ల్యాబ్‌లో మేడం "బ్యూరెట్‌ని అందులో పోసే ద్రావణంతోనే తొలవాలి, శాంకవ కుప్పెని (కోనికల్ ఫ్లాస్క్) మాత్రం ఉత్త నీళ్లతోనే తొలవాలి" అంటే ఎందుకో అడక్కుండా చేసేశాం. చాలా ఏళ్లకి చెరువు గట్టు మీద నిలబడి ఉండగా వెలిగింది. కాలవ నుంచి చెరువులోకి నీళ్లు పెడితే లోతు పెరుగుతుంది, రొయ్యల సంఖ్య పెరగదు, తగ్గదు. కుప్పెలో నీళ్లు మిగిలినా అంతే, పిపెట్‌తో కొలిచి పోసిన ఇనుము అంతే ఉంటుంది. బ్యూరెట్‌లో నీళ్లు మిగిలితే పర్మాంగనేట్ పల్చనవుతుంది, అదే పనికి ఎక్కువ మి.లీ.లు దిగుతాయి, రీడింగ్ అబద్ధం చెబుతుంది. కుప్పెని పొరపాటున మోర్ సాల్ట్‌తో తొలిచారనుకోండి, లెక్కలోకి రాని ఇనుము లోపల చేరినట్టే.

ఇక ఆ చివరి చుక్క. చర్య ముగిసిందని రంగు మార్చి చెప్పే పదార్థాన్ని సూచిక అంటారు, పర్మాంగనేట్‌కి వేరే సూచిక అక్కర్లేదు, దాని రంగే సూచిక. చుక్క పడగానే ఊదారంగు మెరిసి మాయమవుతుంది, పడిన ప్రతిదాన్నీ ఇనుము తినేస్తోందన్నమాట. దగ్గర పడేకొద్దీ మాయమవడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకుంటుంది. ఎడమ చేతి వేళ్లు బ్యూరెట్ కుళాయి (స్టాప్‌కాక్) మీద, కుడి చేత్తో కుప్పె గుండ్రంగా తిప్పుతూ, కింద తెల్ల టైల్ పెట్టుకుని చూస్తుంటే, ఒక చుక్కకి ద్రావణమంతా లేత గులాబీ రంగులోకి తిరిగి అర నిమిషం అలాగే నిలబడుతుంది. అక్కడ ఆపాలి. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయారు. ఒక చుక్క దాదాపు 0.05 మి.లీ., 20 మి.లీ.లో అది పావు శాతం, దానికేం కాదు. అర మి.లీ. దూకించేస్తే రెండున్నర శాతం, ఆ రీడింగ్ కొట్టేసి మళ్లీ చెయ్యడమే. రీడింగ్ తీసేటప్పుడు మామూలు ద్రావణాలకి గొట్టంలో నెలవంకలా వంగే పైభాగం అడుగు చూస్తాం గానీ పర్మాంగనేట్ చిక్కటి రంగులో అడుగు కనపడదు కాబట్టి పై అంచు చూస్తాం. మొదటా చివరా ఒకేలా చూస్తే తేడా రాదు. పిపెట్‌ని మేం నోటితో పీల్చేవాళ్లం, ఆ పని చెయ్యకండి, రబ్బరు బల్బులు ఉన్నాయి.

ఆక్సాలిక్ ఆమ్లంతో చేసేటప్పుడు ఇంకో చిత్రం. కుప్పెని అరవై డెబ్భై డిగ్రీల దాకా వేడి చెయ్యాలి, అలా చేసినా మొదటి చుక్కల రంగు తొందరగా పోదు. పిల్లలు అప్పుడే అయిపోయిందనుకుని 0.3 అని రీడింగ్ రాసేస్తారు. కాస్త ఓపిక పట్టి తిప్పితే పోతుంది, ఆ తర్వాత చుక్కలు గబగబా మాయమవుతాయి, ఎందుకంటే చర్యలో పుట్టే మాంగనీస్ అయానే ఉత్ప్రేరకంగా పనిచేసి వేగం పెంచుతుంది. గోధుమరంగు మడ్డి కనపడితే మాత్రం సల్ఫ్యూరిక్ ఆమ్లం చాల్లేదని అర్థం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కుదరదు, పర్మాంగనేట్ క్లోరైడ్‌ని కూడా తినేస్తుంది, లెక్క తప్పుతుంది.

సెలవులు ఇంకా రెండు రోజులున్నాయనగా తనని మా ల్యాబ్‌కి తీసుకెళ్లాను. చెరువు నీళ్ల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) టెస్ట్ రోజూ పదుల సంఖ్యలో చేస్తాం. 50 మి.లీ. నీళ్లు తీసుకుని, మిథైల్ ఆరెంజ్ సూచిక వేసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం దించడం, పసుపు నుంచి నారింజలోకి తిరగ్గానే ఆపడం, రీడింగ్‌ని 20తో గుణించి పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) రాయడం. కొత్తగా చేరిన కుర్రాళ్లకి "ఇంటూ 20" అని చెప్పి వదిలేస్తాం, వాళ్లూ అడగరు. ఇదైతే వెంటనే అడిగింది, "20 ఎక్కడ్నుంచి వచ్చింది మావయ్యా?"

నువ్వే చెప్పు అన్నాను. కాగితం తీసుకుంది. ఒక్కో సల్ఫ్యూరిక్ అణువు రెండు హైడ్రోజన్లు ఇస్తుంది కాబట్టి 0.02 నార్మల్ అంటే దానికి 0.01 మోలార్. ఒక మి.లీ.లో 0.01 మిల్లీమోల్ ఆమ్లం. ఒక సల్ఫ్యూరిక్‌కి ఒక కాల్షియం కార్బొనేట్, దాని మోల్ బరువు 100, కాబట్టి ఒక మి.లీ. ఆమ్లం ఒక మిల్లీగ్రాముకి సమానం. అది 50 మి.లీ. నీళ్లలో ఉంది, లీటరుకి చెప్పాలంటే ఇరవై రెట్లు. "ఓస్, ఇంతేనా" అంది. నీళ్లలో నిజంగా ఉన్నవి ఎక్కువగా బైకార్బొనేట్లు, వాటన్నిటినీ కాల్షియం కార్బొనేట్ అనుకుని లెక్క చెప్పడం ఒక అలవాటు, అందరి రిపోర్టులూ పోల్చుకోవడానికి.

ఆల్కలినిటీ తక్కువుంటే మా రైతులు సున్నపురాయి పొడి గానీ వంట సోడా గానీ చల్లుతారు, బస్తాకి బస్తా అదే పని చేస్తుందనుకునేవాళ్లూ ఉన్నారు. ఎకరం చెరువు, మీటరు లోతు అంటే సుమారు 40 లక్షల లీటర్లు. 10 పీపీఎం పెంచాలంటే 40 కిలోల కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడి కావాలి. సోడాతో అయితే 67 కిలోలు. ఎందుకంటే ఒక కార్బొనేట్ రెండు ఆమ్లపు హైడ్రోజన్లని పట్టుకుంటుంది, ఒక సోడా అణువు ఒక్కదాన్నే పట్టుకుంటుంది, కాబట్టి 100 గ్రాములకి రెండు 84లు, 168 గ్రాములు. కాకపోతే సోడా నీళ్లలో ఇట్టే కరుగుతుంది, సున్నపురాయి పొడి పీహెచ్ ఎక్కువున్న చెరువులో సరిగ్గా కరగక అడుక్కి దిగిపోతుంది. కాగితం మీద చవగ్గా కనపడేది చెరువులో ఎప్పుడూ చవక కాదు.

ఇంతలో ఒక పెద్దాయన కూల్ డ్రింక్ సీసాలో చెరువు నీళ్లు పట్టుకొచ్చారు. నేను ఫోన్ మాట్లాడుతున్నాను, తనే కూర్చుని చేసింది. 4.7, 4.5, 4.5. మొదటిది తనే కొట్టేసింది, చుక్క దాటేశానని.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నారాయన.

"90 అండి."

"120కి తేవాలంటే సోడా ఎన్ని కేజీలు కొట్టమంటావ్?"

తను నా వైపు చూడలేదు. "చెరువు ఎన్ని ఎకరాలండి? నీళ్లు ఎన్ని అడుగులున్నాయి?" అని అడిగింది.

"రెండున్నర ఎకరాలమ్మా, నాలుగడుగులు ఉంటాయి" అని ఆయన చెబుతుండగానే రికార్డు పుస్తకం వెనక పేజీ తిప్పి, అడుగుల్ని మీటర్లలోకి మార్చడం మొదలుపెట్టింది.